ముప్ఫయ్యేళ్లు దాటిన టర్బో కారును రోజువారీ బండిగా కొనవచ్చా: నా అనుభవం

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటూ సన్నీవేల్‌లోని ఆఫీసుకు వెళ్లివచ్చే నాకు, పాత క్యామ్రీని ఇక మార్చక తప్పదని తేలినప్పుడు, దాని స్థానంలో 1988 మోడల్ పోర్షే 944 టర్బో కొంటే ఎలా ఉంటుందన్న ఆలోచన పట్టుకుంది. మా ఇంటి దగ్గర రెండు కార్లకే చోటుంది, అందులో ఒకటి మా ఆవిడది. కాబట్టి నేను ఏది కొన్నా అదే రోజూ నన్ను ఆఫీసుకు చేర్చాలి, అవసరమైనప్పుడు బాబును స్కూలు నుంచి తీసుకురావాలి, వారాంతంలో ఇంటి సామాను మోయాలి. వారానికోసారి కొండదారిలో సరదాగా తిప్పుకునే రెండో బండిగా కొనేవాళ్ల లెక్క వేరు. నేను చూసినదంతా రోజూ నడపాలన్న షరతు మీదే చూశాను.

ఆ కారు మీద మనసు పడడానికి దాని అందం ఒక్కటే కారణం కాదు. 944 వరసలో టర్బో, అంటే ఇంజను పొగ తోపుతో తిరుగుతూ లోపలికి అదనపు గాలిని నెట్టే పరికరం ఉన్న కారు, 1985లో వచ్చింది. ఈ కార్లు తయారైనది జర్మనీలోని నెకర్‌సుల్మ్‌లో ఉన్న ఆడి కర్మాగారంలో. రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనును పోర్షే వారి 928 కారులోని ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజనులో సగం తీసుకున్నట్టుగా రూపొందించారు. నాలుగు సిలిండర్లతో అంత పెద్ద ఇంజను చేస్తే వణుకు సహజం. దాన్ని అణచడానికి రెండు బ్యాలెన్స్ షాఫ్టులు పెట్టారు, ఆ పద్ధతి మీద పేటెంటు మిత్సుబిషిది కనుక వారికి రుసుము చెల్లించి మరీ వాడుకున్నారు. ఇంజను ముందు, గేర్‌బాక్సు వెనక చక్రాల దగ్గర ఉండడం వల్ల బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పడుతుంది, మలుపుల్లో కారు చెప్పినట్టు వింటుంది. 217 హార్స్‌పవర్ అన్నది ఆ రోజుల్లో చిన్న సంఖ్య కాదు. 1987 నుంచి అమెరికాలో అమ్మిన 944 టర్బోలో డ్రైవరుకూ పక్క సీటుకూ కూడా ఎయిర్‌బ్యాగులు కారుతోపాటే వచ్చేవి. అలా రెండూ ఇచ్చిన మొదటి కారు అక్కడ ఇదే. మా ఆవిడ ముందు వాదించడానికి నాకు బాగా పనికొచ్చిన అంశం కూడా ఇదే.

నేను చూడడానికి వెళ్లిన కారు సారటోగాలో ఒక రిటైర్డ్ ఇంజనీరు దగ్గర ఉంది. అడిగిన ధర 24,000 డాలర్లు. నేను వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయవద్దని ముందే ఫోనులో కోరాను, ఆయన కూడా ఆ మాట నిలబెట్టుకున్నారు. పాత టర్బో కారును చూసేటప్పుడు ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం. వేడెక్కిన ఇంజను చాలా విషయాలు దాచేస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజనును స్టార్టు చేసినప్పుడు సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తే టర్బో సీళ్లో, వాల్వు సీళ్లో నూనెను వదులుతున్నాయని అర్థం. ఈ కారులో కొద్దిగా తెల్లని ఆవిరి వచ్చి ఆగిపోయింది. తరవాత కూలెంట్ డబ్బా మూత తీసి లోపల వేలితో రాసి చూశాను. ఈ ఇంజనులో ఆయిల్ కూలర్ సీళ్లు పాడైతే నూనె వెళ్లి కూలెంటులో కలిసి డబ్బా గోడలకు గోధుమరంగు జిడ్డు పడుతుంది. నా వేలికి ఏమీ అంటలేదు. డ్యాష్‌బోర్డు మీద మూడు చోట్ల పగుళ్లున్నాయి, వెనక డిక్కీ అద్దం దాని ఫ్రేము నుంచి ఒక మూల విడివడుతోంది. ఈ వయసు 944లలో ఇవి రెండూ మామూలే కాబట్టి వాటిని పట్టించుకోలేదు.

పట్టించుకున్నది మీటరును. రీడింగ్ 98,000 మైళ్లు చూపిస్తోంది. అయితే ఈ కార్లలో మైళ్లు లెక్కపెట్టే మీటరు వెనక ఒక చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం ఉంటుంది. వయసు మీద పడ్డాక అది విరిగిపోతుంది, స్పీడు ముల్లు మాత్రం మామూలుగానే పనిచేస్తుంది. చాలామంది యజమానులు దాన్ని బాగుచేయించకుండా ఏళ్ల తరబడి నడుపుతారు. అందుకని రీడింగును వదిలేసి, ఆయన అట్టపెట్టెలో దాచిన పాత బిల్లులను తేదీల వారీగా పేర్చి, ప్రతి బిల్లు మీదా రాసి ఉన్న మైళ్లను పోల్చి చూశాను. ఒకచోట రెండు బిల్లుల మధ్య నాలుగేళ్ల తేడా ఉంటే మైళ్లలో పట్టుమని వంద తేడా లేదు. అది ఈయనకు ముందున్న యజమాని కాలం నాటిది. ఆ నాలుగేళ్లూ కారు నిలబడి ఉందా, మీటరు నిలబడి ఉందా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. నిజానికి రెండింటిలో ఏదైనా కొనేవాడికి ఖర్చే.

ఆ పెట్టెలోనే అసలు సంగతి ఒకటి దొరికింది. వాల్వులు పిస్టన్లతో లయ తప్పకుండా చూసే టైమింగ్ బెల్టును చివరిసారి మార్చి తొమ్మిదేళ్లయింది. ఆ తరవాత కారు తిరిగింది పదకొండు వేల మైళ్లే కనుక ఇంకా చాలా కాలం వస్తుందని ఆయన నమ్మకం. ఈ ఇంజను విషయంలో మాత్రం అలా అనుకోవడానికి లేదు. రబ్బరు బెల్టుకు మైళ్లతోపాటు ఏళ్లు కూడా లెక్కే. ఈ కార్లు బాగుచేసేవాళ్లు ముప్ఫై వేల మైళ్లు లేదా మూడు నాలుగేళ్లు, ఏది ముందైతే దానికి మార్చమంటారు. బెల్టు తెగితే పిస్టన్లు పైకి వచ్చి తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి, వాల్వులు వంగుతాయి, సిలిండర్ హెడ్డు విప్పి చేయించే పని పడుతుంది. దీనికి తోడు బ్యాలెన్స్ షాఫ్టులను తిప్పే బెల్టు వేరే ఉంది. అది తెగి టైమింగ్ బెల్టులో చిక్కుకున్నా ఫలితం అదే. వాటర్ పంపును తిప్పేది కూడా టైమింగ్ బెల్టే కాబట్టి, పంపు బేరింగు పట్టేస్తే బెల్టు పని అయిపోయినట్టే. అందువల్ల ఒకటి మారుస్తుంటే అన్నీ మార్చుకోవడం తెలివి.

ఇక నడిపి చూడడం. సారటోగా నుంచి పైకి స్కైలైన్ వైపు వెళ్లే హైవే 9 మీద ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపాను. క్లచ్ బరువుగా ఉంది, స్టీరింగ్ మాత్రం చేతికి రోడ్డు మీది ప్రతి గరుకునూ చెబుతోంది. మూడో గేరులో రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ముందు ఏమీ జరగదు. మూడు వేలు దాటుతుండగా, టర్బో నెట్టే గాలి పీడనాన్ని చూపే బూస్టు మీటరు ముల్లు కదులుతుంది, వెన్ను సీటుకు అతుక్కుంటుంది. ఆ బూస్టు మీటరును చదవడంలో ఒక మెలిక ఉంది. అందులో 1 అన్న అంకె మామూలు వాతావరణ పీడనం, అంటే టర్బో ఏమీ చేయడం లేదని. కంపెనీ అమర్చిన స్థితిలో ముల్లు 1.75 దాకా వెళ్లాలి, అంటే బయటి గాలి కన్నా 0.75 బార్ ఎక్కువ. అంతకు మించి పోతే ఎవరో బూస్టు పెంచారని గుర్తు. ఈ కారులో ముల్లు 1.7 దగ్గర బుద్ధిగా ఆగింది, కనుక దీనితో ఎవరూ ఆటలాడలేదని కొంత ధైర్యం వచ్చింది. కాలిఫోర్నియాలో దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. ఇక్కడ 1976 నుంచి వచ్చిన పాత పెట్రోలు కార్లకు రెండేళ్లకోసారి స్మాగ్ చెక్, అంటే పొగ పరీక్ష, తప్పదు, 2000కు ముందరి కార్లకు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ కొలుస్తారు, రాష్ట్రం ఆమోదించని మార్పులు ఏవైనా కనిపిస్తే పొగ బాగున్నా ఫెయిల్ చేస్తారు. అమ్మేవాళ్లే తాజా సర్టిఫికెట్ ఇవ్వాలన్నది చట్టం. ఆయన దగ్గర అది సిద్ధంగా ఉంది.

ఆ కొండదారి మీద నుంచి దిగుతున్నప్పుడే చెక్కు రాసేసి ఉండేవాణ్ణి. అయితే నేను రోజూ వెళ్లేది హైవే 9 మీద కాదు కాబట్టి, మరో రోజు సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు కారు ఇమ్మని అడిగితే, ఆయన కొంచెం ఆశ్చర్యపోయి ఒప్పుకున్నారు. హైవే 237 మీదుగా హైవే 880 ఎక్కి ఇంటి దాకా, అంటే నా నిత్య మార్గంలోనే నడిపాను. ఆ ప్రయాణం మొత్తంలో బూస్టు మీటరు ముల్లు ఒకటి దాటి పైకి లేచింది హైవే ఎక్కే ర్యాంపు మీద మాత్రమే. తక్కిన సేపంతా ఒకటో గేరు, రెండో గేరు, బ్రేకు, మళ్లీ ఒకటో గేరు. ఆ కాలపు టర్బోల స్వభావమే అంత. పైగా ఈ ఇంజనులో పొగ బయటికి వచ్చేది ఒక పక్కన, టర్బో ఉండేది రెండో పక్కన. వేడి పొగ ఇంజను కింది నుంచి గొట్టంలో అటు దాటి వెళ్లి టర్బోను తిప్పాలి. దారిలో వేడి పోకుండా సిలిండర్ హెడ్డులో పొగ వెళ్లే దారులకు సిరామిక్ గొట్టాలు కూడా పెట్టారు. అంత శ్రమపడి కట్టిన యంత్రం నా దారిలో ఎనిమిదికి ఒకటి కంప్రెషన్ నిష్పత్తి ఉన్న, టర్బో లేని ఓ నీరసపు ఇంజనుగా మాత్రమే పనిచేసింది. ఎడమ కాలు పిక్క పట్టేసింది. ఏసీ చల్లదనం ఉన్నదీ లేనిదీ తెలియనంత మాత్రం. టెంపరేచర్ ముల్లు మాత్రం ఎక్కడా పైకి పోలేదని చెప్పాలి.

ఇలాంటి కార్లే చూసే ఒక స్వతంత్ర షెడ్డులో, డబ్బు కట్టి, కొనుగోలు ముందు పరీక్ష చేయించాను. పాత కారు కొనేవాళ్లు ఇంకే ఖర్చు తగ్గించుకున్నా దీన్ని మాత్రం తగ్గించుకోకూడదు. సిలిండర్ల కంప్రెషన్ నాలుగింటిలోనూ దాదాపు సమానంగా వచ్చింది, సిలిండర్లలోకి గాలి పంపి ఎంత కారిపోతోందో చూసే లీక్‌డౌన్ పరీక్షలోనూ కలవరపడాల్సింది లేదు. ఇంజను ఆరోగ్యంగా ఉందని మెకానిక్ నిర్ధారించాడు. తరవాత కారును లిఫ్టు మీదికెత్తి, ఇంజను ఆపి, చేయి పైకెత్తి నన్ను మాట్లాడవద్దన్నట్టు సైగ చేశాడు. ఏమీ వినిపించలేదు. ఈ కారులో టర్బోను నీటితో చల్లబరిచే ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు ఉంటుందనీ, ఇంజను ఆపిన తరవాత అది కొంతసేపు సన్నగా మూలుగుతూ నీటిని తిప్పాలనీ, లేకపోతే టర్బో బేరింగుల్లో నూనె మాడి గట్టిపడుతుందనీ చెప్పాడు. పంపు చనిపోయి ఎంత కాలమైందో కారు యజమానికే తెలియదు, ఎందుకంటే అది పనిచేయకపోతే డ్యాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగదు.

మిగతా జాబితా ఇలా సాగింది: వాక్యూమ్ గొట్టాలు పట్టుకుంటే పొడి అవుతున్నాయి. ఇంజను పైన ఉండే పెట్రోలు గొట్టాలు అసలు కారుతో వచ్చినవే కావచ్చు, వేడి టర్బో ఉన్నచోట పాత పెట్రోలు గొట్టం అంటే నిప్పుతో చెలగాటం. ముందు చక్రాల అల్యూమినియం ఆర్ములలో బాల్ జాయింట్ ఒకటి లూజయింది, అందులో బాల్ జాయింటును విడిగా మార్చుకునేట్టు కంపెనీ చేయలేదు. క్లచ్ మాత్రం నేను ఊహించిన దాని కంటే పెద్ద ప్రశ్న. తొలినాటి క్లచ్ ప్లేటు నడుమ రబ్బరు దిమ్మ ఉంటుంది, అది వయసుకు చిట్లిపోతే హెచ్చరిక లేకుండా కారు ఉన్నచోటే ఆగిపోతుంది. పెట్టెలో క్లచ్ మార్చిన బిల్లు లేదు. ఆ ప్లేటు ఇంజనుకు ఆనుకునే ఉన్నా, దాన్ని చేరాలంటే సైలెన్సర్ గొట్టాలు విప్పి, వెనక గేర్‌బాక్సునూ మధ్యనున్న పొడవాటి టార్క్ ట్యూబునూ వెనక్కి జరపాలి. క్లచ్ పార్టుల ధరకు రెండింతలు కూలీయే అవుతుందన్నాడు. బెల్టులు, వాటర్ పంపు, ముందు సీళ్లు కలిపి రెండున్నర వేలు, క్లచ్ నాలుగు వేలకు పైనే, మిగతావన్నీ కలిపి మరో రెండు వేలు అని కాగితం మీద రాసిచ్చాడు. వాటితో పాటు ఇంజను కంప్యూటరుకూ పెట్రోలు పంపుకూ కరెంటు అందించే డీఎంఈ రిలే ఒకటి స్పేరు కొని గ్లవ్ బాక్సులో పెట్టుకోమన్నాడు. ఆ రిలే లోపలి సోల్డరు పగిలితే పెట్రోలు పంపు ఆగిపోతుంది, కారు నడిరోడ్డు మీద ఆగుతుంది. మార్చడానికి రెండు నిమిషాలు చాలు, కానీ ఆ సమయానికి చేతిలో ఉండాలి.

డబ్బు ఒక్కటే అడ్డమైతే బేరమాడి సర్దుకునేవాణ్ణేమో. ఆయన కూడా ఆ కాగితం చూసి న్యాయంగా ధర తగ్గించడానికి సిద్ధపడ్డారు. నన్ను నిలబెట్టేసినవి వేరే రెండు. మొదటిది ఇన్సూరెన్స్. పాత, విలువైన కార్లకు ముందే ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే పాలసీలు ఉంటాయి, వాటి ప్రీమియం కూడా తక్కువ. అయితే అవి సాధారణంగా కారును ఆఫీసుకు రోజూ నడపకూడదనీ, ఇంట్లో లైసెన్సు ఉన్న ప్రతి మనిషికీ వేరే రోజువారీ కారు ఉండాలనీ షరతు పెడతాయి. నేను అడిగిన చోట కూడా ఇదే సమాధానం వచ్చింది. మామూలు పాలసీ తీసుకుంటే, ఎవరైనా వెనక నుంచి గుద్దిన రోజున ఆ కంపెనీ ముప్ఫయ్యేళ్లు దాటిన కారుకు తాను కట్టిన మార్కెట్ విలువే ఇస్తుంది, దాని మీద వాదించుకోవలసినది నేను. అంటే, నేను కొంటున్న ప్రయోజనానికే ఆ కారుకు సరైన రక్షణ దొరకదు.

రెండోది మా ఆవిడ అడిగిన మాట. కారు ఆమెకు నచ్చింది, డాష్ పగుళ్ల గురించి కూడా ఏమీ అనలేదు. "బాగానే ఉంది. కానీ అది షెడ్డులో ఉన్న రోజున నువ్వు నా కారు పట్టుకెళ్తావు. అప్పుడు నేను దేంట్లో వెళ్లాలి?" అంది. శాక్రమెంటోలో పాత టర్బో కారొకటి చాలా కాలం రోజూ నడిపిన మా ఆఫీసు మిత్రుడు ఒకాయన, నాకన్నా పెద్దవాడు, ఇదే సంగతిని ఇంకోలా చెప్పాడు. "పార్టులు దొరకవని ఎవరన్నా అంటే నమ్మకు తమ్ముడూ, అన్నీ దొరుకుతాయి. రేపటికి దొరకవు, అంతే." ఆయన ఆ కారును ఇష్టంగానే నడిపాడు, కానీ ఆ ఏళ్లన్నీ ఆయన ఇంటి ముందు మూడో కారు ఒకటి ఉండేదని నేను అడిగితేనే చెప్పాడు.

ఇక్కడ ఒక వాదన ఉందని నాకు తెలుసు, దాన్ని కొట్టిపారేయను. ఇలాంటి కార్లు నిలబెడితే పాడవుతాయి, తిప్పుతుంటే బాగుంటాయి. సీళ్లు ఎండవు, పెట్రోలు చెడదు, చిన్న లోపాలు ముందే బయటపడతాయి. ఆ మాట నిజమే. ఈ కారు కూడా ఏడాదికి వెయ్యి మైళ్లు తిరగడం కన్నా ఆరు వేలు తిరిగితే ఇంకా బాగుండేది. కానీ తిప్పడం వేరు, ఫలానా రోజు తొమ్మిదింటికి ఫలానా చోట ఉండాలని దాని మీద ఆధారపడడం వేరు. ఒక నెల పక్కన పెట్టి నింపాదిగా పని చేయించుకోగలిగిన మనిషికి ఈ కారు గొప్ప ఎంపిక. నా దగ్గర లేనిది ఆ వెసులుబాటే. నా దారిలో టర్బో పనిచేసేది ర్యాంపు మీద మాత్రమే అన్నది కూడా దానికి తోడైంది. గంటల తరబడి ఒకటో గేరులో క్లచ్ తొక్కుతూ దాన్ని అరగదీయడానికి అంత ఖర్చు పెట్టి క్లచ్ మార్చడం నాకు సబబుగా తోచలేదు.

కొననని ఆయనకు ఫోను చేసి చెప్పి, పరీక్ష రిపోర్టు కాగితాలన్నీ ఆయనకే పంపాను. ఆ పంపు సంగతి తెలియకుండా ఇంకెవరూ దాన్ని నడపకూడదనిపించింది. ఆయన వెంటనే ఆ పంపు వేయించి, రిపోర్టును ప్రకటనతో పాటే జతచేసి, ఇంట్లో ఇప్పటికే ఒక 944 ఉండి సొంతంగా రెంచీ పట్టే ఒకాయనకు నాకు చెప్పిన ధర కన్నా కొంచెం తక్కువకు అమ్మారు. కారు చేరవలసిన చోటికే చేరిందని నేను అనుకుంటున్నాను.

నేను చివరికి వాడిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఒకటి కొన్నాను, 2015 మోడల్. దాని శక్తి 210 హార్స్‌పవర్, అంటే ఆ పోర్షేకు కేవలం ఏడు తక్కువ. తేడా ఉన్నదల్లా టార్కు, అంటే చక్రాలను తిప్పే బలం, పుట్టే చోట. 944 టర్బో తన పూర్తి టార్కును మూడున్నర వేల ఆర్‌పీఎం దగ్గర ఇస్తే, ఇది పదిహేను వందల దగ్గరే ఇవ్వడం మొదలుపెడుతుంది. 880 మీద సాయంత్రం ఆరు గంటలకు నాకు అందుబాటులో ఉండే ఆర్‌పీఎం కూడా సరిగ్గా అంతే. వెనక సీటులో బాబు సీటు పడుతుంది, డిక్కీలో బియ్యం బస్తా పడుతుంది. కొనేముందు దీన్ని కూడా అదే మెకానిక్ చేత లిఫ్టు ఎక్కించి చూపించాను. ఇంజను ఆపాక ఈసారి ఏ శబ్దం కోసం వినాలో అతను చెప్పకముందే అడిగాను.